పురుగుమందుల పరీక్షలు

చల్లు పురుగుమందు మనుష్యులకు హాని చేయునా యన్న సంగతి తేల్చుటకు ముందుగా ఎలుకలపై పరీక్షింతురు. ఆ లెక్కలే దొంగవైనచో? అమెరికాలోని ఇండస్ట్రియల్ బయోటెస్ట్ ప్రయోగశాలలో చచ్చిన ఎలుకలకు మారుగా క్రొత్తవానిని చేర్చిరని 1976లో మొదలైన తనిఖీవలన బయల్పడెను; 1983లో ముగ్గురిపై నేరము రుజువయ్యెను. ఈలోగా 1979లో ఆ దేశమున జి.ఎల్.పి. నియమములు అమలులోనికి వచ్చెను. ప్రతి తూకమును వెంటనే వ్రాసి, తేదీ వేసి, సంతకము చేయవలెను. అంకె దిద్దినచో పాతయంకె కనబడవలెను, కారణమును వ్రాయవలెను. ఎంత చాదస్తమో యనిపించును గాని, దొంగలెక్క దాగునది ఆ దిద్దుబాటులోనే. పరీక్ష చేయనివారు దానిని తనిఖీ చేయవలెను. మన సంఘపు ఆడిటరు బయటివాడు. వీరికో, ప్రయోగశాలయే జీతమిచ్చును. చిక్కంతయు నచ్చటనే. అందుచే పైన సర్కారు తనిఖీ యుండును. మన దేశమున 2002లో ఏర్పడిన జాతీయ సంస్థ దానిని నిర్వహించుచున్నది. 2011 నుండి మన లెక్కలను ఓ.ఇ.సి.డి. దేశములును అంగీకరించుచున్నవి.