స్విచ్చాఫ్ అన్నదెవరు?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలాయి. స్తంభాలు పడి కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి. మందస నుంచి హైదరాబాదుకో, చెన్నైకో పనికి వెళ్ళినవాళ్ళు ఇంటికి ఆత్రంగా ఫోన్ చేసేది అలాంటప్పుడే. టవర్ ఆగిన ఊరికి ఫోన్ చేస్తే మొదట "అందుబాటులో లేరు" అనీ, కొంతసేపటికి "స్విచ్చాఫ్" అనీ వినిపించవచ్చు. అమ్మ ఫోన్ ఆపనే లేదు. మరి అలా ఎందుకంటుంది? ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం కాబట్టి ఈ ప్రశ్న అందరూ మమ్మల్నే అడుగుతారు.

మనం ఫోన్ ఆపితే, ఆగే ముందు అది "సెలవు" అని ఒక సంకేతం పంపుతుంది. టవరే ఆగిపోతే ఆ సెలవు చెప్పే దారి ఉండదు. అదీగాక ఫోన్ అప్పుడప్పుడూ "ఇక్కడే ఉన్నాను" అని హాజరు పలకాలి. గడువులోగా పలకకపోతే నెట్‌వర్క్ తానే "ఆగింది" అని రాసేసుకుంటుంది. అలా రెండు వేర్వేరు కారణాలు ఒకే గడిలో పడతాయి. చెన్నైలో ఉన్న కొడుకు ఆగాలో, రైలెక్కాలో తేల్చేది ఆ తేడాయే.

ఈ సంకేతాల ఒప్పందాన్నే సిగ్నలింగ్ ప్రోటోకాల్ అంటారు. దీన్ని పొరలు పొరలుగా కడతారు. కింది పొర సంకేతాన్ని చెడకుండా చేరుస్తుంది. పై పొర కాల్ కలుపుతుంది, తెంపుతుంది. ఎక్కడి తప్పు అక్కడే దిద్దుకోవాలి, దిద్దలేనిది కారణంతో సహా పైకి చెప్పాలి. తమ్ముళ్ళూ, మన హాస్టల్ సంగతే తీసుకోండి. మోటారు ఫ్యూజు పోతే వాచ్‌మన్ వేసేస్తాడు, వార్డెన్‌గారి దాకా వెళ్ళక్కరలేదు. మోటారే కాలిపోతే వెళ్ళాలి. అప్పుడు "నీళ్ళు లేవండి" అని ఊరుకుంటే ఆయన ట్యాంకరు తెప్పిస్తారు, మోటారు మాత్రం అలాగే ఉంటుంది.

టెలిఫోన్ ఎక్స్ఛేంజీల మధ్య నడిచే ఎస్ఎస్7లో ఈ పద్ధతి చక్కగా కుదిరింది. సంకేతం చెడితే కింది పొర మళ్ళీ పంపమంటుంది. తప్పులు మరీ పెరిగితే ఆ లింకును పక్కనపెట్టి మరో లింకు మీదికి మళ్ళిస్తుంది. పై పొరకు ఆ గొడవే తెలియదు.

ఇంటర్నెట్ మీద కాల్స్ కలిపే సిప్ ప్రమాణం (2002) కూడా ఇది గమనించింది. సంకేతాన్ని మోసేది యూడీపీ అయితే, అది పోయినదాన్ని మళ్ళీ పంపదు. కాబట్టి సిప్ తానే అర సెకను, ఒక సెకను, రెండు సెకన్లు, ఇలా వ్యవధి పెంచుతూ పంపి 32 సెకన్లకు విరమిస్తుంది. టీసీపీ అయితే మళ్ళీ పంపే పని దానిదే, సిప్ ఊరుకుంటుంది. ఎవరికి వారే మళ్ళీ మళ్ళీ పంపితే? పొరకు మూడేసి ప్రయత్నాలంటే మూడు పొరలకు 27. తుపాను వేళ అందరూ ఒక్కసారే ఫోన్ చేస్తుంటే, మిగిలిన కాస్త దారీ ఇలాగే మూసుకుపోతుంది.

కారణం పోగొట్టుకోవడం ఇంకా పెద్ద చిక్కని మా అభిప్రాయం. టెలిఫోన్ సంకేతాల్లో 34 అంటే ఖాళీ లైను లేదు, 38 అంటే నెట్‌వర్క్ పాడయింది, 42 అంటే ఎక్స్ఛేంజీలో రద్దీ. సిప్‌లోకి మార్చేటప్పుడు మూడూ 503 అయిపోతాయి. రద్దీ అయితే కాసేపు ఆగాలి, పాడయితే వేరే దారి వెతకాలి. ఉత్త 503 చూసి ఏం తేల్చగలం? 2002 డిసెంబరులో "రీజన్" అనే వరుసను సిప్‌కు చేర్చారు, అసలు అంకెను కూడా అందులో వెంట పంపవచ్చు. అయితే అది పంపి తీరాలన్న నియమం లేదు. దారిలో ఏ ఒక్క యంత్రం దాన్ని వదిలేసినా అవతలివాళ్ళకు మిగిలేది 503 మాత్రమే.