వైజాగ్‌ ట్రిప్‌: చేతిలో రెండు రోజులేనా? అరకు పక్కన పెట్టండి.. జంటగా సిటీని ఇలా చుట్టేయండి!

పెళ్లిరోజో, పుట్టినరోజో వస్తోంది. ఇద్దరూ ఉద్యోగాలే. సెలవు దొరికింది శని, ఆదివారాలకే. గోవా అంటే ఖర్చు, ఊటీ అంటే దూరం. అలాంటప్పుడు తెలుగు జంటలకు ముందుగా గుర్తొచ్చే ఊరు వైజాగ్‌. ఒకవైపు సముద్రం, మరోవైపు కొండలు, మధ్యలో షాపింగ్‌, వీధి వీధికీ తిండి. ఇంతకంటే ఏం కావాలి?

కానీ చాలామంది ఇక్కడే ఒక పొరపాటు చేస్తారు. రెండు రోజుల ప్లాన్‌లోనే ఆర్కే బీచ్‌, కైలాసగిరి, సింహాచలం, బొర్రా గుహలు, అరకు.. అన్నీ కుక్కేస్తారు. తీరా చూస్తే సగం టైమ్‌ కారులోనే అయిపోతుంది. తిరుగు ప్రయాణంలో ఇద్దరి మధ్యా మాటలుండవు! అందుకే ఉన్న కొద్ది సమయంలో ఏది చూడాలి, ఏది వదిలేయాలి, ఎక్కడ కొనాలి, ఏం తినాలి అన్నది ముందే తేల్చుకుంటే మంచిది.

అరకు ఎందుకు వద్దంటే..

విశాఖ నుంచి అరకు లోయ 110 కిలోమీటర్లకు పైనే. పైగా ఘాట్‌ రోడ్డు. పొద్దున్నే కిరండూల్‌ రైలెక్కి సొరంగాలు దాటుకుంటూ వెళ్లడం అద్భుతమే.. కాదనలేం. కానీ పోను రాను ఒక రోజు పూర్తిగా పోతుంది. అంటే రెండు రోజుల ట్రిప్‌లో సగం. చలికాలం వీకెండ్‌లో అయితే ఘాట్‌లో ట్రాఫిక్‌ అదనం. అరకు చూడాలంటే మూడో రోజు ఉండాల్సిందే. లేదంటే ఇంకోసారికి దాచుకోవడమే బెటర్‌.

రైలు టికెట్‌ దగ్గరే ప్లాన్‌ మొదలు

హైదరాబాద్‌ నుంచి వెళ్లేవారికి గోదావరి ఎక్స్‌ప్రెస్‌ పాత నేస్తం లాంటిది. 1974లో మొదలైన ఈ రైలు సాయంత్రం బయల్దేరి తెల్లారేసరికి విశాఖలో దించుతుంది. తిరుగు ప్రయాణం కూడా రాత్రిపూటే. దీంతో రెండు పగళ్లూ పూర్తిగా మిగులుతాయి. పగటి ప్రయాణం ఇష్టపడేవారికి వందే భారత్‌ రైళ్లున్నాయి. విజయవాడ వాళ్లయితే పొద్దున రత్నాచల్‌ ఎక్కి మధ్యాహ్నానికి చేరిపోవచ్చు.

రిజర్వేషన్లు ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచి తెరుచుకుంటాయి. 2024 నవంబర్‌ నుంచి ఇదే రూల్‌. వీకెండ్‌ బెర్తులు త్వరగా అయిపోతాయి కాబట్టి తేదీ అనుకున్న వెంటనే బుక్‌ చేసేయండి. ఇంకో విషయం.. ఒడిశా, బెంగాల్‌ వైపు వెళ్లే కొన్ని రైళ్లు విశాఖ స్టేషన్‌లోకి రావు, దువ్వాడలో ఆగి వెళ్లిపోతాయి. అక్కడి నుంచి బీచ్‌రోడ్డు చేరాలంటే మళ్లీ ఊరు దాటాలి. టికెట్‌ తీసేటప్పుడే స్టేషన్‌ పేరు చూసుకోండి. విమానంలో వచ్చేవారు కూడా ఎక్కడ దిగుతున్నారో టికెట్‌ మీద చూసుకోవాలి. ఎందుకంటే భోగాపురంలో కట్టిన కొత్త విమానాశ్రయం నగరానికి 40 కిలోమీటర్లకు పైగా దూరం.

రూమ్‌ ఎక్కడ తీసుకోవాలి?

ఇది మీ ట్రిప్‌ దేనికోసం అన్నదాన్ని బట్టి ఉంటుంది. షాపింగ్‌, తిండి ముఖ్యమైతే ద్వారకానగర్‌, సిరిపురం, జగదాంబ చుట్టుపక్కల తీసుకోండి. ఏం కావాలన్నా నడక దూరంలోనో, చిన్న ఆటో ఖర్చుతోనో అయిపోతుంది. కిటికీ తీస్తే సముద్రం కనిపించాలంటే ఆర్కే బీచ్‌. జనం గోల లేకుండా ఇద్దరే ఉండాలంటే రుషికొండ వైపు. అయితే రుషికొండ నుంచి ఊళ్లోకి వచ్చిన ప్రతిసారీ ఆటో, క్యాబ్‌ ఖర్చు తప్పదు.

తెల్లవారుజామున దిగే రైలయితే 24 గంటల చెక్‌ఇన్‌ ఉన్న హోటల్‌ చూసుకోండి. మధ్యాహ్నం 12 గంటల చెక్‌ఇన్‌ పెట్టుకుంటే పొద్దున్నే రూమ్‌ ఇవ్వరు, ఇచ్చినా అదనంగా వసూలు చేస్తారు. ఇద్దరి ఒరిజినల్‌ గుర్తింపు కార్డులూ దగ్గరుంచుకోవాలి. ఒకరి కార్డు చూపిస్తే సరిపోతుందనుకుని రిసెప్షన్‌ దగ్గర ఇబ్బంది పడేవారు ఎందరో.

మొదటి రోజు: బీచ్‌రోడ్డు ఒక్కటి చాలు

విశాఖ తూర్పు తీరం. సముద్రంలో సూర్యుడు ఉదయిస్తాడు, అస్తమించడు! సినిమాలు చూసి సాయంత్రం బీచ్‌లో సూర్యాస్తమయం కోసం ఎదురుచూసే జంటలు నిరాశపడేది ఇందుకే. కాబట్టి కాస్త బద్ధకం వదిలించుకుని తెల్లవారుజామునే ఆర్కే బీచ్‌కు వెళ్లండి. ఆ టైమ్‌లో వాకర్ల కోసం బీచ్‌రోడ్డులో వాహనాలు ఆపుతారు. హారన్‌ మోత లేని విశాఖను చూడాలంటే అదే సమయం.

టిఫిన్‌, స్నానం, కాసేపు రెస్ట్‌ అయ్యాక మధ్యాహ్నం కురుసుర సబ్‌మెరైన్‌ మ్యూజియం చూడొచ్చు. 1969లో నేవీలో చేరిన ఈ జలాంతర్గామి 1971 యుద్ధంలో పాల్గొంది. 2001లో రిటైరైంది. 91 మీటర్ల పొడవున్న దాన్ని సముద్రంలోంచి ఒడ్డుకు లాక్కొచ్చి 2002లో మ్యూజియంగా తెరిచారు. ఆ ఇరుకులో, చిన్న చిన్న పడకల మీద నావికులు రోజుల తరబడి ఎలా ఉన్నారా అనిపిస్తుంది. రోడ్డుకు అవతలివైపే టీయూ-142 యుద్ధ విమానం. 29 ఏళ్లు సేవలందించి 2017లో రిటైరైన ఈ విమానం లోపలికీ వెళ్లి చూడొచ్చు. ఆ దగ్గర్లోనే 1971 విజయానికి గుర్తుగా కట్టిన ‘విక్టరీ ఎట్‌ సీ’ స్మారకం ఉంది. పాకిస్థాన్‌ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది ఈ విశాఖ తీరంలోనే. అన్నట్టు.. కురుసురకు సోమవారం సెలవు. ఆదివారం, సోమవారం కలిపి ప్లాన్‌ చేసుకునేవారు ఇది గుర్తుపెట్టుకోండి.

సాయంత్రానికి కైలాసగిరి. రోడ్డు మార్గం ఉంది, రోప్‌వే కూడా ఉంది. పైన శివపార్వతుల భారీ విగ్రహాలు, కొండచుట్టూ తిరిగే టాయ్‌ ట్రైన్‌, కొత్తగా వచ్చిన అద్దాల వంతెన. కింద వంకీలు తిరిగిన తీరం మొత్తం కనిపిస్తుంది. సూర్యాస్తమయం చూడాలంటే బీచ్‌ కంటే ఇదే సరైన చోటు. పడమటి కొండల వెనక్కి సూర్యుడు దిగుతుంటే ఊళ్లో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. ఎండ తగ్గాకే ఎక్కండి, మధ్యాహ్నం మాత్రం వద్దు.

రెండో రోజు: రెండు దారులు.. ఒకటే ఎంచుకోండి

మొదటి దారి భీమిలి వైపు. విశాఖ నుంచి భీమునిపట్నం దాకా సముద్రం పక్కనే సాగే రోడ్డు ఇది. దారిలో తొట్లకొండ. 1970ల్లో నేవీ సర్వే చేస్తుంటే బయటపడిన బౌద్ధ క్షేత్రం ఇది. సుమారు రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఇక్కడ ఉండేవారు. నీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు. ఇంకా ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లుగా గాలి, నీరు కలిసి చెక్కిన ఈ ఎర్రని దిబ్బలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. ఫొటోలు తీసుకోండి కానీ దిబ్బల అంచుల మీదకు ఎక్కొద్దు. మట్టి వదులుగా ఉంటుంది. చివరగా భీమిలిలో డచ్‌వారి పాత సమాధులు, లైట్‌హౌస్‌, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు.

సొంత వాహనం లేకపోయినా పర్లేదు. 900కె సిటీ బస్సు భీమిలి వెళ్తుంది. ఏపీ మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో స్త్రీశక్తి పథకం కింద ప్రయాణం ఉచితం, కార్డు చూపిస్తే చాలు. అంటే జంటలో ఒక టికెట్‌ మిగిలినట్టే! ఇక ఆర్కే బీచ్‌ నుంచి తొట్లకొండ దాకా తిరిగే ఎలక్ట్రిక్‌ డబుల్‌ డెక్కర్‌ బస్సులు 2025 ఆగస్టులో మొదలయ్యాయి. ఒకసారి టికెట్‌ తీసుకుంటే నచ్చిన చోట దిగి, మళ్లీ వెనక వచ్చే బస్సు ఎక్కొచ్చు.

రెండో దారి పాత ఊరు వైపు. 1933లో ఓడరేవు తెరిచాకే విశాఖ దశ తిరిగింది. ఆ హార్బర్‌ పక్కనే మూడు కొండలు.. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి గుడి, ఇంకోదానిపై దర్గా, మరోదానిపై మేరీమాత చర్చి. ఒకే ఉదయం మూడూ చూడొచ్చు. పైనుంచి ఓడలు లోపలికి వచ్చే దారి, ఎదురుగా డాల్ఫిన్స్‌ నోస్‌ కొండ స్పష్టంగా కనిపిస్తాయి. దగ్గర్లోనే బురుజుపేట కనకమహాలక్ష్మి ఆలయం. ఇక్కడ అమ్మవారికి పైకప్పు ఉండదు. భక్తులే స్వయంగా పసుపు, కుంకుమ సమర్పిస్తారు. గురువారాలు, మార్గశిర మాసంలో మాత్రం రద్దీ విపరీతం.

కొత్తగా పెళ్లైన జంటలు చాలామంది సింహాచలం కూడా వెళ్తారు. అక్కడి కప్పస్తంభాన్ని కౌగిలించుకుంటే సంతానం కలుగుతుందని భక్తుల నమ్మకం. వెళ్లాలనుకుంటే ఈ రెండు దారుల్లో ఒకటి వదులుకుని పొద్దున్నే బయల్దేరండి.

షాపింగ్‌: ఎక్కడ ఏం దొరుకుతుంది?

బట్టలు, చీరలంటే జగదాంబ జంక్షన్‌, డాబాగార్డెన్స్‌. నగలు, వెండి సామానుకు పాత ఊళ్లోని కురుపాం మార్కెట్‌. పప్పులు, మసాలాల సందడి పూర్ణా మార్కెట్‌లో. ఏసీలో తిరుగుతూ సినిమా కూడా చూసేద్దాం అనుకుంటే మద్దిలపాలెంలో మాల్‌ ఉంది. కానీ మాల్‌లో దొరికేది హైదరాబాద్‌లోనూ దొరుకుతుంది. ఇక్కడి నుంచి తీసుకెళ్లాల్సినవి వేరే ఉన్నాయి.

ఏటికొప్పాక బొమ్మలు: అంకుడు కర్రకు లక్క, సహజ రంగులు అద్ది చేస్తారు. 2017లో జీఐ గుర్తింపు వచ్చింది. 2025 రిపబ్లిక్‌ డే పరేడ్‌లో ఏపీ శకటం ఈ బొమ్మలదే. లేపాక్షి షోరూమ్‌లో దొరుకుతాయి. పెళ్లిరోజు గుర్తుగా ఒక జత కొనుక్కుంటే ఇంట్లో ఏళ్ల తరబడి ఉంటుంది.

అరకు కాఫీ: అరకు వెళ్లకపోయినా అరకును ఇంటికి తీసుకెళ్లొచ్చు. అరకు వ్యాలీ అరబికాకు 2019లో జీఐ దక్కింది. గిరిజన సహకార సంస్థ.. అదే జీసీసీ.. ప్రధాన కార్యాలయం విశాఖలోనే. వాళ్ల స్టాళ్లలో కాఫీ పొడితో పాటు తేనె కూడా తీసుకోవచ్చు.

పొందూరు ఖద్దరు: శ్రీకాకుళం జిల్లా నేత. పత్తిని వాలుగ చేప దవడతో శుభ్రం చేయడం వీళ్ల ప్రత్యేకత. ధర కాస్త ఎక్కువే అయినా ఎండాకాలంలో ఆ హాయి వేరు.

మాడుగుల హల్వా: గోధుమ పాలు, నెయ్యితో చేసే ఈ హల్వా లేకుండా వైజాగ్‌ నుంచి ఇంటికొస్తే అమ్మానాన్నలు, అత్తామామలు ఊరుకోరు!

చిన్న టిప్‌.. షాపింగ్‌ రెండో రోజు మధ్యాహ్నానికి పెట్టుకోండి. మొదటి రోజే కొంటే ఆ సంచులు మోసుకుంటూ తిరగాలి. ఇద్దరూ కలిసి ముందే ఒక మొత్తం అనుకుని వెళ్తే బిల్లు దగ్గర వాదన ఉండదు.

తిండి: ఏ పూట ఏది?

ఉదయం ద్వారకానగర్‌ వైపు టిఫిన్‌ సెంటర్లలో వేడి ఇడ్లీ, పెసరట్టు ఉప్మా, పక్కన అల్లం చట్నీ. సాయంత్రం బీచ్‌లో మరమరాల మిక్చర్‌, టమాటా బజ్జీ, కాల్చిన మొక్కజొన్న. ఎండాకాలమైతే తాటి ముంజెలు, చలికాలమైతే తేగలు. రాత్రికి బిర్యానీ, లేదంటే ఏజెన్సీ నుంచి ఊళ్లోకి దిగొచ్చిన బొంగు చికెన్‌.

మధ్యాహ్నం భోజనంలో మాత్రం చేప ఉండాల్సిందే. వంజరం వేపుడు, చందువా, రొయ్యల ఇగురు, పీతల పులుసు. అయితే ఒక మెలిక ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని బోట్లను ఆపేస్తారు. ఆ రెండు నెలల్లో తాజా సముద్రపు చేప తగ్గుతుంది, రేటు పెరుగుతుంది. మెనూలో ఉంది కదా అని ఆర్డర్‌ చేసేయకుండా ఈ రోజు చేపేనా, ఐస్‌లోదా అని అడగండి. చేప సైజును బట్టి రేటు వేసే చోట ముందే ధర తెలుసుకోండి. ఇద్దరే కాబట్టి ఒక్కో చోట ఒక్కో ఐటమ్‌ పంచుకుంటే కడుపు నిండకుండానే నాలుగు రుచులు చూడొచ్చు.

సముద్రంతో సరదాలొద్దు

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఆర్కే బీచ్‌, యారాడలో సముద్రం చూడటానికి ప్రశాంతంగానే ఉంటుంది. కానీ ఒడ్డు దగ్గరే ఒక్కసారిగా లోతు వస్తుంది. వెనక్కి వెళ్లే అల కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. సెల్ఫీ కోసం నాలుగడుగులు ముందుకేసి ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్తలు ఏటా వస్తూనే ఉంటాయి. అక్కడ పాదాలు తడుపుకోవడంతో ఆపేయండి. నీళ్లలోకి దిగాలనుంటే రుషికొండకు వెళ్లండి. 2020లో బ్లూ ఫ్లాగ్‌ గుర్తింపు పొందిన బీచ్‌ అది. స్నానాలకు హద్దులు గీసిన చోటు, లైఫ్‌గార్డులు ఉంటారు. ఒకవేళ ప్రవాహం లాగేస్తే ఒడ్డు వైపు ఎదురీదొద్దు, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా ఈది పట్టు సడలాక బయటకు రావాలి. ఒకరు కొట్టుకుపోతుంటే ఈత రాని రెండోవాళ్లు దూకేయకూడదు. కేకలు వేసి లైఫ్‌గార్డులను పిలవాలి. కొండరాళ్ల మీద ఫొటోలు, మందు తాగి నీళ్లలోకి దిగడం అసలే వద్దు.

ఎప్పుడు వెళ్లాలి?

డిసెంబర్‌ నుంచి ఫిబ్రవరి వరకు బెస్ట్‌. అక్టోబర్‌, నవంబర్‌ నెలలు తుపాన్ల కాలం. 2014 అక్టోబర్‌ 12న హుద్‌హుద్‌ ఈ ఊరిని ఎలా కుదిపేసిందో విశాఖవాసులు ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ నెలల్లో వెళ్తుంటే వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకుని, రద్దు చేసుకునే వీలున్న రూమే బుక్‌ చేసుకోండి. ఏప్రిల్‌, మేలో ఉక్కపోత ఎక్కువ. మధ్యాహ్నాలు రూమ్‌లోనే గడిపి ఉదయం, సాయంత్రం తిరగాలి.

ఇక చివరగా.. బయల్దేరే ముందు ఇద్దరూ కూర్చుని ఒక్కొక్కరు తమకు తప్పనిసరిగా కావాల్సినవి రెండేసి రాసుకోండి. ఆమెకు కురుపాం మార్కెట్‌, ఆయనకు సబ్‌మెరైన్‌.. లేదా ఆయనకు చీరల షాపు, ఆమెకు యుద్ధ విమానం! ఆ నాలుగూ ముందు ప్లాన్‌లో పెట్టుకుంటే మిగతావి టైమ్‌ ఉంటే చూడొచ్చు, లేకపోతే వదిలేయొచ్చు. ఆదివారం సాయంత్రం రైలు టైమ్‌కు గంట ముందే స్టేషన్‌కు చేరిపోండి. హల్వా డబ్బా మాత్రం సీటు కింద కాకుండా పైన పెట్టుకోండి.