భద్రతా అప్‌డేట్లపై ‘తరువాత చూద్దాం’ ధోరణి – 2017 నాటి ఉదంతం

విశాఖపట్నం: 2017 మే 12, శుక్రవారం నాడు ‘వన్నాక్రై’ అనే హానికర ప్రోగ్రామ్ ప్రపంచవ్యాప్తంగా కంప్యూటర్లను స్తంభింపజేసింది. మరునాటికల్లా మన రాష్ట్రంలో విశాఖపట్నం, శ్రీకాకుళం, కృష్ణా, గుంటూరు, చిత్తూరు జిల్లాలలోని 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లు దాని బారిన పడినట్లు వెల్లడైంది. ఈ ప్రోగ్రామ్ సోకిన కంప్యూటర్‌లో ఫైళ్ళు తెరుచుకోవు. వాటిని విడిపించుకోవాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు చెల్లించాలన్న హెచ్చరిక తెరపై కనిపిస్తుంది. ముందు జాగ్రత్త చర్యగా కంప్యూటర్లను లాగాఫ్ చేయిస్తున్నట్లు అప్పటి డి.జి.పి. శ్రీ ఎన్. సాంబశివరావు తెలియజేశారు. సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దెబ్బతిన్న ఈ దాడి వలన బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రులలో శస్త్రచికిత్సలు సైతం వాయిదా పడ్డాయి.

ఈ దాడికి విరుగుడు అప్పటికే సిద్ధంగా ఉండటం ఇక్కడ గమనార్హం. విండోస్‌లోని సంబంధిత లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ సంస్థ 2017 మార్చి 14వ తేదీననే, అనగా దాడికి 59 రోజుల ముందు విడుదల చేసింది. ఆ లోపాన్ని ఆసరాగా చేసుకుని చొరబడే ‘ఎటర్నల్‌బ్లూ’ అనే సాధనం ఏప్రిల్ 14న బహిర్గతమైంది. అంటే తాళం మార్చుకోవడానికి ఒక నెల, దొంగతాళం బజారులోకి వచ్చిన తరువాత మరో నాలుగు వారాలు వ్యవధి దొరికింది. 2014 ఏప్రిల్ 8తో మద్దతు ముగిసిన విండోస్ ఎక్స్‌పికి మాత్రం ఈ అప్‌డేట్ దాడి జరిగిన తరువాతే అందరికీ అందుబాటులోకి వచ్చింది. అయితే పాత కంప్యూటర్ల వల్లే ఈ ముప్పు వచ్చిందన్న వాదన పూర్తిగా సరికాదు. దెబ్బతిన్న వాటిలో అత్యధిక భాగం అప్పటికి మద్దతు కొనసాగుతున్న విండోస్ 7 కంప్యూటర్లే. వాటికి అప్‌డేట్ అందుబాటులో ఉంది. వేసుకోవడం మాత్రం జరగలేదు.

ఎందుకు జరగలేదన్నది పరిశీలించదగిన విషయం. దీనిని కేవలం నిర్లక్ష్యమని కొట్టిపారేయడం వలన ప్రయోజనం లేదు. మధ్యాహ్నం మూడు గంటలకు నివేదిక పంపవలసిన గుమాస్తా తెరపై ‘రీస్టార్ట్ చేయాలి’ అన్న సందేశం వస్తే ‘తరువాత’ అన్న మీటనే నొక్కుతాడు. ఆ ‘తరువాత’ ఎప్పటికీ రాదు. మధ్యలో కరెంటు పోతే యంత్రం మళ్ళీ తెరుచుకోదేమోనన్న భయం మరొకటి. లైసెన్సు లేని ప్రతి వాడేవారైతే, అప్‌డేట్ వేస్తే గుట్టు బయటపడుతుందని ఆ సదుపాయాన్నే ఆపివేసేవారు. ఇక తెలుగులో పనిచేసే కార్యాలయాలకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉండేది. అను ఫాంట్లు, పేజ్‌మేకర్, పాత ప్రింటరు – ఈ మూడూ ఒక యంత్రంలో సవ్యంగా కుదిరాయంటే దానిని ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కారు. పత్రికా కార్యాలయాల మిత్రులకు దీనిని వివరించనవసరం లేదు.

ఈ భయాలకు ఆధారం లేకపోలేదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వలన ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇవ్వవలసి వచ్చింది. అయితే అప్‌డేట్‌ను మొదట కొద్ది యంత్రాలపై పరీక్షించి, ఒకటి రెండు రోజులలో మిగిలిన వాటికి వర్తింపజేయడం వేరు, నెలల తరబడి పక్కన పెట్టడం వేరు. అప్‌డేట్ విడుదలతోనే ఆ లోపం ఎక్కడ ఉన్నదీ లోకానికి తెలిసిపోతుంది. పాత ఫైలును, కొత్త ఫైలును పోల్చి చూసి దాడిచేసేవారు మార్గం కనిపెడతారు. కనుక విడుదలకు ముందటి రోజుల కంటే విడుదల తరువాతి రోజులలోనే అప్‌డేట్ లేని యంత్రానికి ముప్పు ఎక్కువ.

విశాఖ నగరానికి ఈ క్రమశిక్షణ కొత్తది కాదు. ఉక్కు కర్మాగారంలో 1990లో ఉత్పత్తి ప్రారంభించిన ‘గోదావరి’ బ్లాస్ట్ ఫర్నేస్‌ను రెండు దశాబ్దాలకు పైగా నడిపిన తరువాత పూర్తిగా ఆపి, కాపిటల్ రిపేర్లు చేపట్టారు. ఉత్పత్తి నష్టం ఎంతో లెక్కవేసి మరీ ఆపారు. నౌకలను నిర్ణీత గడువులలో డ్రైడాక్‌కు తీసుకువచ్చి అడుగుభాగం తనిఖీ చేయించడం అంతర్జాతీయ నిబంధన. నౌక సజావుగా తేలుతున్నదన్న కారణంతో ఆ తనిఖీని ఎవరూ మానుకోరు. తుపాను వేళ ఓడరేవులో ప్రమాద సూచిక ఎగురవేస్తే, గాలి మొదలయ్యేవరకు వేచి చూద్దామని ఎవరూ అనరు. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్‌ను చూసిన నగరమిది. ఇదే జాగ్రత్త కార్యాలయపు బల్లపై ఉన్న కంప్యూటర్ విషయంలో కొరవడటానికి కారణం ఒక్కటే. ఫర్నేస్ మరమ్మతుకు తేదీ ఉంటుంది, దానికి బాధ్యుడైన ఇంజనీరు ఉంటాడు. కంప్యూటర్ అప్‌డేట్‌కు తేదీ లేదు, బాధ్యుడూ లేడు. దానిని ఆ సమయంలో కుర్చీలో కూర్చున్న వ్యక్తి ఇష్టానికి వదిలివేయడం జరుగుతున్నది.

ఒక్కరి వాయిదా ఒక్కరితో ఆగదు. 2017 జూన్ 27న వ్యాపించిన ‘నాట్‌పెట్యా’ ఎటర్నల్‌బ్లూతో పాటు యంత్రంలోని పాస్‌వర్డులను దొంగిలించే పద్ధతిని కూడా వాడుకుంది. దీని వలన అప్‌డేట్ లేని ఒక్క యంత్రం నుండి, అప్‌డేట్ చేసుకున్న పొరుగు యంత్రాలకు సైతం అది పాకగలిగింది. మెర్స్క్ నౌకా సంస్థ 4 వేల సర్వర్లను, 45 వేల కంప్యూటర్లను తిరిగి సిద్ధం చేసుకోవలసి వచ్చింది. ముంబయి సమీపంలోని జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవులో ఆ గ్రూపు నిర్వహించే కంటైనర్ టెర్మినల్ పనులకు అంతరాయం ఏర్పడింది. కంటైనర్ల రవాణా జరిగే విశాఖకు ఇది దూరపు వార్త కాదు.

కార్యాలయాధిపతులు చేపట్టదగిన చర్యలు వ్యయంతో కూడినవి కావు. మైక్రోసాఫ్ట్ తన అప్‌డేట్లను ప్రతి నెలా రెండవ మంగళవారం విడుదల చేస్తుంది గనుక, ఆ వారంలోనే ఒక సాయంత్రాన్ని ఇందుకు కేటాయించి, బాధ్యుడైన ఉద్యోగి పేరును రాతపూర్వకంగా నిర్ణయించవచ్చు. ముందుగా ఫైళ్ళ ప్రతిని వేరే డిస్కులో భద్రపరచి, దానిని కంప్యూటర్ నుండి విడదీయవలసి ఉంటుంది. తగిలించి ఉంచిన డిస్కు కూడా ఇటువంటి దాడిలో పోతుంది. దాడి జరిగినట్లు గమనించిన పక్షంలో 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం 6 గంటలలోగా సెర్ట్-ఇన్‌కు తెలియపరచాలి.

విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. వ్యక్తిగత వినియోగదారులు ప్రత్యేకంగా నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు లభిస్తాయి. సంస్థలు రుసుము చెల్లించి గరిష్ఠంగా మూడు సంవత్సరాలు పొందవచ్చు. నమోదు కాని కంప్యూటర్లు మునుపటిలాగే తెరుచుకుంటాయి, ప్రింటు ఇస్తాయి, తెరపై ఏ లోపమూ కనిపించదు. ప్రతి కార్యాలయంలోనూ ఇటువంటివి ఎన్ని ఉన్నదీ ముందుగా లెక్క తీయవలసి ఉంది.