మాటకు మాఱుమాట

1995వ సంవత్సరమున పుట్టిన జావాస్క్రిప్టు అను ప్రోగ్రామింగు భాషలో ‘రిప్లేస్’ అను నాజ్ఞ కలదు. వెదకవలసిన యక్షరముల పోలికను, దానికి మాఱుగా నుంచవలసిన మాటను చెప్పినచో యంత్రము మార్చును. పోలికచివర ‘జి’ అను గుర్తు లేనిచో మొదట దొరకినదానినే మార్చి యూరకుండును. ఉన్నచో నన్నింటిని మార్చును.

ఒకప్పుడు నేను రైతుల పట్టికలో, పలుచోట్ల ‘రామయ్య’ యని తప్పుపడిన రాఘవయ్యగారి పేరును దిద్దఁబోయి, యా గుర్తునుంచితిని. వేఱొక రైతగు సీతారామయ్యగారు సీతారాఘవయ్యగా మాఱిపోయిరి! యంత్రమునకు అక్షరములే కాని మనుష్యులు తెలియరు. అదృష్టవశమున నకలుండెను. పేరుకు ముందు ఖాళీచోటు గాని, పంక్తి మొదలు గాని యుండవలెనను నియమమును పోలికలో చేర్చి మరల దిద్దితిని.

పొలము పేరుమీఁదనే కదా నిలుచును! మార్చుటకు ముందు నకలుంచుకొనుఁడు. మార్చిన పిదప చదివి చూడుఁడు.