పంచవలసిన భూమి, పంచకూడని భూమి: న్యూజిలాండ్ ప్రభుత్వ భూపాలన అనుభవం

ప్రభుత్వ అధీనంలోని భూమిని ఎవరికి, ఎంత మేరకు, ఏ షరతులపై పంచాలన్నది భూపాలనలో తొలి ప్రశ్నగా కనిపిస్తుంది. కాని అంతకు ముందే తేలవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది: ఏ భూమిని అసలు పంచకూడదు? ఈ ప్రశ్నకు సమాధానం ఆలస్యమైనచోట ముందుగా రైతు, ఆ వెనుక నేల నష్టపోవడం అనేక దేశాల అనుభవం. ఈ విషయంలో న్యూజిలాండ్ చరిత్ర ప్రత్యేకంగా పరిశీలింపదగినది. ఇరవయ్యవ శతాబ్దంలో అధిక భాగం అక్కడ బంజరు భూములను సాగుకు పంచిన శాఖే, ప్రకృతి దృశ్యాల కోసం కొన్ని భూములను విడిచిపెట్టి కాపాడే బాధ్యతను కూడా వహించినది. ఆ శాఖ పేరు భూములు, సర్వే శాఖ.

పంపిణీ విధానం

1892 నాటి భూచట్టం ఆ దేశ భూపాలనకు పునాది వంటిది. దీనిని రూపొందించిన భూముల మంత్రి జాన్ మెకంజీ స్కాట్లండ్ కొండసీమలో జన్మించినవాడు. పెద్ద భూస్వాములు కౌలుదారులను ఇళ్ళ నుండి వెళ్ళగొట్టిన దృశ్యాలను బాల్యంలోనే చూచినవాడు. అందువలన భూమి కొద్దిమంది చేతులలో పోగుపడరాదన్నది ఆయన విధానానికి మూలసూత్రమైనది. దరఖాస్తుదారు భూమిని రొక్కమిచ్చి కొనవచ్చు. కొనుగోలు హక్కుతో అనుభవించవచ్చు. లేదా 999 సంవత్సరాల కౌలుకు తీసుకొనవచ్చు. ఈ మూడవ పద్ధతిలో ఏటా చెల్లించవలసిన కౌలు భూమి విలువలో 4 శాతం మాత్రమే. ఒక వ్యక్తి పొందగల విస్తీర్ణం మొదటి తరగతి భూమిలో 640 ఎకరాలకు, రెండవ తరగతి భూమిలో 2,000 ఎకరాలకు పరిమితం. మరుసటి సంవత్సరమే ప్రభుత్వం దక్షిణ దీవిలోని చెవియట్ ఎస్టేటును, సుమారు 84,000 ఎకరాలను, కొనుగోలు చేసి చిన్న కమతాలుగా విభజించి పంచినది. ఒకే కమతాన్ని పలువురు కోరినపుడు చీటీలు తీసి కేటాయించేవారు.

ఈ పంపిణీకి రెండు షరతులు ఉండేవి. భూమి పొందినవాడు అక్కడే నివసించాలి. నిర్ణీత గడువులోగా భూమిని అభివృద్ధి పరచాలి. పట్టాదారు ఊరిలో లేకుండా భూమిని అట్టిపెట్టుకొనడాన్ని నివారించేందుకు ఇవి ఉద్దేశింపబడినవి. అయితే అడవి నిండిన భూమిలో అభివృద్ధి అనగా ఆచరణలో చెట్లను నరకడమే. నరికిన అడవిని వేసవిలో తగులబెట్టి, బూడిదపై గడ్డి విత్తనాలు చల్లి, గొర్రెలను, పశువులను మేపేవారు. మన ఏజెన్సీ ప్రాంతాల పోడు సేద్యంతో దీనికి పైకి పోలిక ఉన్నా, ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. సంప్రదాయ పోడులో కొన్ని పంటల తరువాత నేలను విడిచి, అడవి మరల పెరుగుటకు వ్యవధి ఇచ్చేవారు. న్యూజిలాండ్‌లో మాత్రం కొండవాలును శాశ్వతంగా పచ్చికబయలుగా మార్చడమే లక్ష్యం.

రక్షిత స్థలాల ఏర్పాటు

అడవి వేగంగా తరిగిపోవడంతో, నదీలోయలు, జలపాతాలు, రహదారుల వెంబడి కనిపించే అరణ్యశ్రేణులు పూర్తిగా నశింపక ముందే కొంత భాగాన్ని నిలుపుకొనాలన్న ఆలోచన బలపడినది. ఫలితంగా 1903లో ప్రకృతి దృశ్య సంరక్షణ చట్టం వచ్చినది. రక్షింపదగిన ప్రదేశాలను గుర్తించుటకు మాజీ సర్వేయర్ జనరల్ పెర్సీ స్మిత్ అధ్యక్షతన ఒక కమిషన్ ఏర్పడినది. 1906లో ఆ కమిషన్ స్థానంలో అధికారులతో కూడిన బోర్డు వచ్చినది.

ఈ చట్టం ఫలితాలను రెండు కోణాల నుండి చూడాలి. నేడు ఆ దేశ నదీతీరాలలో నిలిచి ఉన్న పలు అరణ్యఖండాలు దీని వలననే మిగిలినవి. కాని రక్షణకు ఎంచుకొన్న స్థలాలలో అధికం నిటారు లోయగోడలు, కనుమలు, సేద్యానికి పనికిరావని భావించిన వాలులు. సారవంతమైన మైదానాలలోని అడవికి ఈ రక్షణ లభించినది చాలా తక్కువ. అంతకంటె గంభీరమైన విషయం మరొకటి. వాంగనూయి నది తీరాన మావోరీ తెగల భూములను కూడా ఈ చట్టబలంతో స్వాధీనపరచుకొన్నారు. అప్పటికే తమ భూములలో అధిక భాగం కోల్పోయిన ప్రజలకు, మిగిలిన తీరభూమి యాత్రికుల కనువిందు కోసం పోవడం తీరని బాధగా మిగిలినది. ఆ నదికి సంబంధించిన వివాదం తరతరాలు సాగి, 2017లో నదిని చట్టబద్ధమైన వ్యక్తిగా గుర్తించిన శాసనంతో ఒక పరిష్కారానికి వచ్చినది. హక్కుదారుల సమ్మతి లేకుండా ఏర్పడిన రక్షిత స్థలం కాగితంపై స్థిరపడినా, సమాజంలో స్థిరపడదని దీని వలన స్పష్టమగుచున్నది.

మంగపురువా లోయ

భూమి స్వభావాన్ని విచారింపక పంచడం వలన కలిగే ఫలితానికి అదే వాంగనూయి పరీవాహకంలోని మంగపురువా లోయ ఉదాహరణ. మొదటి ప్రపంచయుద్ధం నుండి తిరిగివచ్చిన సైనికులకు భూమి కల్పించుటకు 1915లో ప్రత్యేక చట్టం చేశారు. ఆ పథకం కింద 1917 నుండి ఈ లోయను సైనికులకు కేటాయించారు. దట్టమైన అడవి, నిటారైన వాలు, మెత్తని అవక్షేప శిలలపై పలుచని మట్టి, సరైన దారి లేకపోవడం ఇక్కడి పరిస్థితులు. సైనికులు అడవిని నరికి, కాల్చి, గడ్డి చల్లి, ఇళ్ళు కట్టుకొన్నారు. బూడిదలోని పోషకాల వలన తొలి సంవత్సరాలలో పచ్చిక ఏపుగా పెరిగినది. ఆ సారం తరిగిన కొలదీ ఫెర్న్, పొదలు తిరిగి ఆక్రమించసాగినవి. చెట్ల వేళ్ళ పట్టు పోయిన వాలులు వర్షాలకు జారి దారులను పూడ్చివేసేవి. దీనికి తోడు ఉన్ని, మాంసం ధరల పతనం, ఆర్థికమాంద్యం వచ్చిపడినవి.

కుటుంబాలు ఒక్కొక్కటిగా లోయను విడిచి వెళ్ళుచున్న కాలంలోనే, 1936లో, లోయ ముఖద్వారం వద్ద ప్రభుత్వం కాంక్రీటు వంతెనను పూర్తి చేసినది. 1942లో రహదారి నిర్వహణ ఇక సాధ్యం కాదని ప్రభుత్వం లోయను మూసివేయగా, అప్పటికి మిగిలిన కొద్ది కుటుంబాలు కూడా వెళ్ళిపోవలసి వచ్చినది. రహదారి లేని ఆ వంతెనను నేడు ‘ఎక్కడికీ దారితీయని వంతెన’ అని పిలుస్తారు. తిరిగి పెరిగిన అడవితో ఆ లోయ 1986లో ఏర్పడిన వాంగనూయి జాతీయ ఉద్యానంలో భాగమైనది. ఆ సైనికులలో శ్రమకు గాని, పట్టుదలకు గాని కొరత లేదు. కొరత ఉన్నది కేటాయింపునకు ముందు జరగవలసిన భూమి పరిశీలనలో.

శాస్త్రం మార్చిన సరిహద్దులు

అయితే ‘సాగుకు పనికిరాని భూమి’ అన్న తీర్పు కూడా శాశ్వతమైనది కాదు. ఉత్తర దీవి మధ్యభాగంలోని అగ్నిపర్వత బూడిద నేలలలో పచ్చిక సమృద్ధిగా ఉన్నా పశువులు చిక్కిశల్యమై మరణించేవి. ఆ భూములు పశుపోషణకు పనికిరావని భావించి విడిచిపెట్టారు. దీనికి కారణం నేలలో కోబాల్టు లోపమని 1930లలో పరిశోధనలు తేల్చినవి. అతి స్వల్ప పరిమాణంలో కోబాల్టు కలిపిన సూపర్ ఫాస్ఫేటును చల్లడంతో ఆ నేలలు పశుపోషణకు యోగ్యమైనవి. రెండవ ప్రపంచయుద్ధం తరువాత శాఖ స్వయంగా విశాలమైన ఖండాలను అభివృద్ధి చేసి, కంచెలు వేసి, పచ్చిక పెంచి, ఆ తరువాతనే రైతులకు అప్పగించినది. మంగపురువాలో నష్టభయమంతా రైతుపై పడగా, ఇక్కడ తొలిదశ నష్టభయాన్ని ప్రభుత్వమే భరించినది. ఈ భేదాన్ని విస్తరణ శాస్త్రవేత్తలు గమనింపదగును.

ఇదే కాలంలో రెండవ వైపు సరిహద్దు కూడా స్పష్టమైనది. 1938 ఏప్రిల్‌లో ఎస్క్ లోయలో వచ్చిన వరద కొన్నిచోట్ల మూడు మీటర్ల మందాన ఒండ్రును నింపివేసినది. అడవి తొలగించిన కొండవాలుల కోతపై ఆందోళన పెరిగి, 1941లో భూసంరక్షణ, నదుల నియంత్రణ చట్టం వచ్చినది. క్రమేణా వాలు, నేల లోతు, కోత స్వభావం, శీతోష్ణస్థితి ఆధారంగా భూమిని ఎనిమిది తరగతులుగా విభజించే పద్ధతి స్థిరపడినది. అందులో ఎనిమిదవ తరగతి భూమి ఉత్పత్తికి తగదు, సంరక్షణకే విడిచిపెట్టాలి. 1892 నాటి రెండు తరగతుల విభజన ప్రధానంగా ధరను చూచినది. ఎనిమిది తరగతుల విభజన నేలను చూచినది.

బాధ్యతల విభజన

1977 నాటి రక్షిత స్థలాల చట్టం వినోద, చారిత్రక, ప్రకృతి దృశ్య, ప్రకృతి, వైజ్ఞానిక ప్రయోజనాలను బట్టి స్థలాలను వర్గీకరించి, ప్రతి వర్గానికి నిర్వహణ లక్ష్యాలను నిర్దేశించినది. కాని అడవిని తొలగించి సాగుభూమిని పెంచే శాఖే అడవికి కూడా కాపలాదారుగా ఉండడం తగదన్న విమర్శ బలపడినది. 1987 ఏప్రిల్ 1న ఆ శాఖ రద్దయినది. రక్షిత భూములు కొత్తగా ఏర్పడిన సంరక్షణ శాఖకు, వాణిజ్య సేద్యక్షేత్రాలు ప్రభుత్వ భూసంస్థకు, సర్వే, భూసమాచారం మరొక శాఖకు చేరినవి. ఎవరి లక్ష్యం వారికి స్పష్టమైనది. అయినను సేద్యక్షేత్రం, రక్షిత స్థలం కలిసే గట్టు మీది సమస్యలు, అనగా కంచె, కలుపు, మేత, అగ్ని, ఈ విభజనతో తీరునవి కావు. వాటికి ఇరుగుపొరుగుల సహకారమే మార్గం.

మనకు వర్తించే అంశాలు

మన రాష్ట్రాలలో భూమిలేని పేదలకు కేటాయించిన భూములు అన్యాక్రాంతం కాకుండ 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం బదిలీని నిషేధించినది. పట్టాను కాపాడుటకు అట్టి నిబంధన అవసరమే. కాని పట్టా నిలిచినంత మాత్రాన కుటుంబం నిలుస్తుందన్న హామీ లేదు. రాతి గుట్టపైననో, నీరందని వాలుపైననో లభించిన పట్టా సాగుకు రాకపోతే, లోపాన్ని రైతు సోమరితనంగా చూపడం న్యాయం కాదు.

కనుక కేటాయింపు జాబితా సిద్ధమగుటకు ముందే గ్రామస్థాయిలో వాలు, నేల లోతు, నీటి వసతి, దారి పరిశీలింపబడాలి. భూ వినియోగ సామర్థ్య వర్గీకరణ మన విద్యార్థులకు పాఠ్యాంశమే. దానిని సర్వే పటంపైకి తీసుకొనిపోవడమే మిగిలిన పని. సాగుకు తగని వాలులను గుర్తించినపుడు, అక్కడ మేతకు, కట్టెలకు, అటవీ ఫలసాయానికి ఆధారపడినవారి హక్కులను కూడా అదే పటంలో నమోదు చేయాలి. కేటాయించిన భూమిలో తొలి సంవత్సరాల దిగుబడిని చూచి తొందరపడి విజయమని నిర్ణయింపక, నేలసారాన్ని, కోతను కొన్నేళ్ళపాటు కొలుస్తూ ఉండాలి. బూడిదపై మొలిచిన మొదటి పచ్చికను చూచి మంగపురువా సైనికులు ఆశపడినారు. ఆ పచ్చిక ఎంతకాలం నిలుస్తుందో వారికి ముందుగా చెప్పవలసిన బాధ్యత భూమిని పంచినవారిది.