రాతి మీది చెయ్యి నిధికి దారి చూపదు

పడమటి కర్నూలు పల్లెల్లో చేను గట్టునో చెరువు కట్టనో పాతరాయి ఒకటి నిలబడి, దాని మీద నాలుగు అక్షరాలో ఒక పాము బొమ్మో కనబడిందంటే చాలు, దాని కింద ఏదో ఉందన్న మాట పుట్టేస్తుంది. మాట పుట్టిన కొన్నాళ్లకు, ఏ అమావాస్య మర్నాడో, ఆ రాయి బోర్లా పడి ఉంటుంది. పక్కన నడుము లోతు గొయ్యి, నాలుగు నిమ్మకాయలు, కాస్త కుంకుమ. పాడుబడ్డ శివాలయమైతే నంది మెడ విరిగి ఉంటుంది. గుప్తనిధుల ముఠా పట్టుబడిందన్న వార్త జిల్లా పేజీకి కొత్త కాదు. స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితాలో గడ్డపారలు, పారలు, పూజ సామాను ఉంటాయి. బంగారం ఉండదు. అయినా మరుసటి అమావాస్యకు మరో ఊళ్లో మరో రాయి లేస్తుంది. చదువు లేనివాళ్ల మూఢనమ్మకం అని తోసిపుచ్చడానికీ వీల్లేదు. 2017 డిసెంబరులో తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో వారాల తరబడి సాగిన తవ్వకాలు ప్రభుత్వ అనుమతితో, పట్టపగలు, యంత్రాలతో జరిగినవే. ఊరంతా చెప్పుకున్న నిధి మాత్రం బయటపడలేదు. చరిత్ర గురించి జనంలో అపోహలకు కొదవ లేదు గానీ, గునపం పట్టుకుని తిరిగేది ఇదొక్కటే: శాసనమంటే నిధి పత్రమని, రాతిబొమ్మ దానికి గుర్తు అని.

ముందు మామూలు బుద్ధితోనే ఆలోచిద్దాం. సొమ్ము దాచినవాడు దాచిన చోటు రాతి మీద చెక్కించి, నలుగురూ నడిచే దారిలో నిలబెడతాడా? శాసనం పుట్టిందే పదిమందికీ తెలియాలని. గుడి ముందు, చెరువు తూము దగ్గర, ఊరి పొలిమేరలో వేయించేది అందుకే. అందులో ఉండేది దానం: ఎవరు ఎవరికి ఎంత భూమి ఇచ్చారు, ఏ పన్ను మాఫీ చేశారు, దీపానికి నూనె ఎక్కడి నుంచి రావాలి, ఎల్లలు ఏవి. హాలహర్విలో దొరికిన రాష్ట్రకూటుల నాటి, 10వ శతాబ్దపు శాసనాన్నే చూడండి. సిందవాడి వెయ్యిని ఏలిన కన్నర అనే సామంతుడి భార్య చందియబ్బె నందవరంలో జైన బసది కట్టించి, దాని పోషణకు ఏర్పాటు చేసిందని చెబుతుంది. వెయ్యేళ్లకు పైబడి వెనక్కి వెళితే ఈ సీమలో ఒక ఆడమనిషి తన పేరుతో గుడి కట్టించి, పేరు రాతిలో నిలుపుకుంది. నిధి అంటూ ఏదైనా ఉంటే ఇదే, దీనికి గొయ్యి తియ్యనక్కర్లేదు. ఇక శాసనాల చివర వచ్చే శాపాలు వేరే కథ. ఈ దానాన్ని అపహరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని, కాశీలో కపిల గోవులను చంపిన పాపం మూటగట్టుకుంటాడని రాయించేవారు. ఆ శాపాలు చదివి, కింద విలువైనదేదో లేకపోతే ఇంతగా ఎందుకు భయపెడతారని లెక్కలు కట్టే మహానుభావులున్నారు. అక్కడ కాపాడుతున్నది మన్ను కింది సొమ్మును కాదు, మన్నునే. భూమి మీద హక్కు కాజెయ్యకుండా వేసిన కట్టడి అది.

బొమ్మల సంగతికొస్తే కల్పనకు హద్దే లేదు. సూర్యుడు, చంద్రుడు ఉంటే తూర్పు నుంచి పడమరకు ఇన్ని అడుగులని కొలుస్తారు. ఆ రెండూ ఉన్నది దానం సూర్యచంద్రులున్నంత కాలం నిలవాలని చెప్పడానికి. చదువు రాని రైతుకు కూడా ఆ ముక్క అర్థం కావాలనే బొమ్మ వేశారు. స్తంభం లోంచి మోచేయి మడిచి పైకి లేచిన గాజుల చెయ్యి కనిపిస్తే అది చూపించే వైపు తవ్వుతారు. అది సతికల్లు, భర్తతో సహగమనం చేసిన స్త్రీ గుర్తుగా నిలిపిన రాయి. గాజులు అక్కడ ఉండడమే అసలు విషయం, చాలాసార్లు ఆ వేళ్ల మధ్య నిమ్మకాయ కూడా ఉంటుంది. కత్తి పట్టినవాడి బొమ్మ నిధికి కాపలా కాదు, వీరగల్లు. దాన్ని కింది నుంచి పైకి చదవాలి: కింద పోరు, తరచు ఆవుల మంద కోసం జరిగింది, నడుమ అప్సరసలు వీరుణ్ణి ఎత్తుకుపోవడం, పైన కైలాసంలో లింగం ముందు అతడు కూర్చోవడం. మూడు అరల్లో ఒక మనిషి చావు కథ మొత్తం ఉంటుంది. పెనవేసుకున్న పాములు పిల్లల కోసం మొక్కుకుని రావిచెట్టు కింద నిలిపిన నాగశిలలు. గొడుగు పట్టిన పొట్టి వామనుడు వైష్ణవ మాన్యానికి ఎల్లరాయి. లింగం, ఆవు, దూడ ఉంటే శైవ దానం. వరాహం పక్కన కత్తి ఉంటే విజయనగర ముద్ర. ఇవి రహస్య సంకేతాలు కానే కావు. ఆ కాలంలో ఊళ్లో అందరికీ తెలిసిన భాష. మనం మరిచిపోయాం, మరిచిపోయిన దానికి మంత్రగాడు అర్థం చెబుతున్నాడు.

నంది పొట్టలో వజ్రాలుంటాయన్న మాట మరీ విడ్డూరం. గ్రానైటు నంది ఏకశిల. బయటి నుంచి తొలవకుండా లోపల బోలు చెయ్యడం ఏ శిల్పికీ సాధ్యం కాదు, తొలిస్తే ఆ కన్నం బయటికి కనబడుతుంది. ఈ సంగతి రాళ్లు కొట్టే ఏ వడ్డెర కూలీని అడిగినా చెబుతాడు. అడగరు. పగలగొట్టి చూస్తారు, రాయే కనబడుతుంది, ఈ నందిలో లేదు మరో నందిలో ఉంటుందని కదిలిపోతారు.

ఒక్కటి ఒప్పుకోవాలి, ఇష్టం లేకపోయినా. ఈ సీమ మన్నులో విలువైనవేమీ లేవని ఎవరూ అనలేరు. తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలల్లో వజ్రాల కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి వెతుకుతారు, అప్పుడప్పుడు దొరుకుతాయి కూడా. అశోకుడి దక్షిణ రాజధాని సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరు చరిత్రకారులు గుర్తించారు. గుడి కట్టేటప్పుడు గర్భన్యాసం చెయ్యడమూ నిజమే: పునాదిలో అరలున్న చిన్న పెట్టె పెట్టి, అందులో ధాన్యాలు, లోహపు ముక్కలు, రత్నాలు వేస్తారు. యుద్ధకాలంలో జనం కుండల్లో నాణేలు పాతిపెట్టుకున్నారు, అలాంటివి దున్నేటప్పుడు బయటపడ్డాయి. పుకారుకు ఊపిరి పోసింది ఈ పిసరంత నిజమే. కానీ గమనించండి. వజ్రం వాన కడిగిన చేలో పైకి తేలుతుంది, శాసనం కింద కాదు. నాణేల కుండ నాగలికి తగులుతుంది, దాని మీద గుర్తురాయి ఉండదు, ఉంటే పాతినవాడి పక్కింటివాడే ఎప్పుడో తీసుకునేవాడు. గర్భన్యాసంలో వేసేది పూజకు సరిపడా ముక్కలే, దాని కోసం గుడి కూల్చినవాడికి కూలి కూడా గిట్టదు. పైగా 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో దొరికినదాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాల్సిందే. నిజంగా దొరికినా గుట్టుగా ఇంటికి తీసుకుపోయేది లేదన్నమాట.

ఇంత సులువుగా కూలిపోయే పుకారు ఇన్నేళ్లు ఎలా నిలబడిందంటే, దాన్ని ఎదుర్కోవలసిన చోట ఎవరూ లేరు గనుక. ఆ చోటు తరగతి గది. చరిత్ర పిరియడ్‌లో రాజులు, యుద్ధాలు, సంవత్సరాలు. డ్రాయింగ్ పిరియడ్ అంటూ ఒకటి ఉంటే అందులో కొండల నడుమ సూర్యుడు, రెండు కొబ్బరిచెట్లు. పదో తరగతికొచ్చేసరికి ఆ పిరియడ్‌ను లెక్కల మాస్టారు తీసుకుంటారు. కళను పదో తరగతి దాకా పాఠ్యాంశంగా ఉంచాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం అడిగింది, కళలతో కలిపి పాఠాలు చెప్పాలని 2020 జాతీయ విద్యావిధానమూ అంది. అంటూనే ఉంటాయి. పిల్లవాడు వీరగల్లు గురించి పుస్తకంలో ఒక వాక్యం చదివినా, రోజూ బడికి వచ్చే దారిలో ఉన్నది అదేనని ఎవరూ చూపించరు. చూడడం నేర్పని బొమ్మల పాఠం, రాయి చూపని చరిత్ర పాఠం కలిసి పెంచిన మనిషికి పెద్దయ్యాక గాజుల చెయ్యి కనిపిస్తే నిధి తప్ప ఇంకేం తోస్తుంది? ఊరి చరిత్ర, బొమ్మల పాఠం చుట్టూ తిరిగే చిన్నాచితకా నమ్మకాలకు ఒక్కో మాట చాలు. మా ఊరికి చరిత్ర లేదంటారా? 1800లో కుంపిణీ చేతికొచ్చిన ఈ దత్తమండలాల్లో కుంపిణీ సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫీయతులు, అంటే గ్రామ చరిత్రలు, రాయించుకున్నారు. బూడిద దిబ్బలు రాక్షసుల చితులా? కాదు, కొత్త రాతియుగపు పశువుల కాపర్లు కాల్చిన పేడకుప్పలు. బొమ్మలు చదువు రాని పిల్లలకా? చెయ్యి కదలకుండా కన్ను పనిచెయ్యదు.

ఊరి రాళ్లనే బళ్లో పాఠం చెయ్యాలంటే అడ్డం చెప్పేవాళ్ల మాటల్లో మూడు వినదగ్గవి. మొదటిది, రాళ్లు ఎక్కడున్నాయో పిల్లలకు చెబితే ఊరంతా పాకి దొంగలకు దారి చూపినట్టవుతుందని. దొంగలకు దారి ఎప్పుడో తెలుసు. తెలియనిది ఊరికే. నలభైమంది పిల్లలు కొలిచి, గీసి, నోటుపుస్తకంలో పెట్టుకున్న రాయి రాత్రికి రాత్రి మాయమైతే పొద్దున్నే నలభై ఇళ్లలో తెలుస్తుంది. ఎవరూ పట్టించుకోని రాయి పోతే ఏడాదికి కూడా తెలియదు. రెండోది, జనం పసుపు పూసి మొక్కే రాయిని పాఠం చేస్తే నమ్మకం దెబ్బతింటుందని. ఇది తేలిగ్గా తీసుకోవలసిన మాట కాదు, ఎందుకంటే చాలా రాళ్లు ఈ రోజు మిగిలి ఉన్నాయంటే ఆ పసుపే కారణం. కానీ మొక్కేవాళ్లకూ తవ్వేవాళ్లకూ మధ్య జగడంలో చరిత్ర ఎప్పుడూ మొక్కేవాళ్ల పక్షమే. వీరుడి కథ తెలిసినంత మాత్రాన ఎవరూ మొక్కు మానరు, తవ్వడం మాత్రం మానతారు. మూడోది అన్నిటికంటే గట్టిది: శాసనం చదవడం పండితుల పని, బడి పంతుళ్ల వల్ల ఏమవుతుందని. బ్రాహ్మి చదవడం నిజంగానే పండితుల పని. ఎర్రగుడి బండల మీది అశోక శాసనాలు 1929లో వెలుగుచూశాయి. వాటిలో చిన్న శాసనపు వరసలు కొన్ని ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, పండితులకే అది చిక్కు. కానీ అందులో ఉన్న విషయం ఏ పంతులైనా చెప్పగలడు: తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణుల మీద దయ ఉండాలి, నిజం చెప్పాలి, గురువులు పాత సంప్రదాయం ప్రకారం శిష్యులకు ఇవి నేర్పాలి. రెండు వేల రెండువందల ఏళ్ల కిందట ఈ జిల్లా బండ మీద ఒక చక్రవర్తి రాయించింది పాఠాలు ఎలా చెప్పాలన్న ఉత్తర్వు. దాన్నే నిధి జాడ అనుకునేవాళ్లకు చెప్పేదేముంది. ఇక విజయనగర కాలపు శాసనాల్లో అక్షరాలు తెలుగు, కన్నడ లిపులకు దగ్గర. హాలహర్వి, కౌతాళం వైపు రెండు భాషలూ ఇంట్లోనే వినే పిల్లలకు, కన్నడ మాధ్యమంలో చదివేవాళ్లకు, నాలుగు అక్షరాలు గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. బొమ్మలు చదవడానికైతే అక్షరాలే అక్కర్లేదు.

కాబట్టి సోషల్ మాస్టారూ డ్రాయింగ్ మాస్టారూ వారంలో ఒక పిరియడ్ కలిపి తీసుకుని, పిల్లల్ని నడిచి వెళ్లగలిగినంత దూరంలోని రాయి దగ్గరికి తీసుకెళ్లండి. గుడి ఆవరణలో ఉంటే పూజారినో పెద్దలనో అడిగి వెళ్లండి. పొద్దున ఎనిమిదింటి లోపో సాయంత్రం ఎండ వాలాకో వెళ్లాలి, ఏటవాలు వెలుగులో అరిగిన గీతలు లేచి కనబడతాయి. ముందు ఏమీ చెప్పకుండా గియ్యమనండి. గీస్తున్నప్పుడే ఈ గుర్రానికి జీను ఉంది, ఈయన చేతిలో కత్తి కాదు బాకు అని వాళ్లే అంటారు. ఎత్తు, వెడల్పు, ఏ దిక్కుకు ముఖం ఉంది రాయించండి. అక్షరాలు కనబడడం కోసం సుద్దముక్క రుద్దడం, సున్నం పుయ్యడం, ఇటుకతో గీరడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు; సిరాతో కాగితం మీద అచ్చు తీసే పని శిక్షణ ఉన్నవాళ్లదే. బళ్లారి దాకా వెళ్లే వీలుంటే కప్పగల్లు కొండ మీద కొత్త రాతియుగపు ఎద్దుల బొమ్మలు చూపించండి. పొడవాటి కొమ్ములున్న ఆ ఎద్దును ఒకసారి గీసిన పిల్లవాడికి బూడిద దిబ్బ గురించి సగం పాఠం చెప్పినట్టే.

మీ ఊరి శాసనం ఇప్పటికే అచ్చయి ఉండొచ్చు. కర్నూలు జిల్లా కింద వెతికి లేదని పుస్తకం మూసెయ్యకండి. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లాలోవి. పాత సంపుటాల్లో ఆ తాలూకాల ఊళ్లు బళ్లారి కింద, పాత స్పెల్లింగులతో ఉంటాయి. దక్షిణ భారత శాసనాల వరసలో 9వ సంపుటం మద్రాసు రాజధానిలోని కన్నడ శాసనాలది, అక్కడ మొదలుపెట్టండి. దొరికితే సారాంశాన్ని రెండు భాషల్లో పెద్ద అక్షరాలతో ఒక బోర్డు మీద రాయించి, రాతికి తగలకుండా పక్కన పెట్టించండి. ఎవరు ఎవరికి ఏమిచ్చారో అందులో ఉండాలి. తవ్విన గొయ్యి కనబడితే ముందు ఫోటో తీసి, పిల్లలు గీసిన కొలతలు జత చేసి, తహసీల్దారుకూ పోలీసు స్టేషనుకూ రాతపూర్వకంగా ఇవ్వండి. పడిపోయిన రాయిని పదిమందీ కలిసి లేపాలన్న ఉత్సాహం వద్దు, పురావస్తు శాఖవాళ్లు వచ్చి చూసేదాకా గొయ్యి పూడ్చకండి.