‘హ్యాండ్ ఓవర్’ అంటే ఇవ్వడం ఒక్కటే కాదు!

నా మొదటి ఇంటర్వ్యూలో ఫైనలియర్ ప్రాజెక్టు గురించి అడిగారు. చెప్పాల్సిందంతా చెప్పి, చివర్లో ‘ఐ హ్యాండెడ్ ఓవర్ ద ప్రాజెక్ట్ టు మై గైడ్’ అన్నాను. రిపోర్టు సబ్మిట్ చేశానని నా ఉద్దేశం. ఇంటర్వ్యూ చేస్తున్నాయన మాత్రం ‘అంటే మిగతా పని మీ గైడే పూర్తి చేశారా?’ అన్నారు. ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో తెలియక నీళ్లు నమిలాను. ఉద్యోగం రాలేదు. (తప్పంతా ఆ ఒక్క మాటదే అనను లెండి, కోడింగ్ రౌండ్ కూడా అంతంతమాత్రమే!)

పొరపాటు ఎక్కడంటే, ‘గివ్’ అంటే ఇవ్వడం, ‘హ్యాండ్ ఓవర్’ అంటే అప్పగించడం. దొంగను పట్టుకుని పోలీసులకు ‘అప్పగించారు’ అని పేపర్లో చదువుతాం కానీ, ‘ఇచ్చారు’ అని ఎవరూ రాయరు కదా. వస్తువుతో పాటు దాని మీద అధికారం, బాధ్యత కూడా అవతలివాళ్లకు వెళ్లిపోతాయి. 1997 జులై 1న బ్రిటన్ నుంచి హాంకాంగ్ చైనా చేతికి వెళ్లడాన్ని ఇంగ్లిష్‌లో ‘హ్యాండోవర్’ అనే అంటారు. ఈసీఈ వాళ్లకైతే ఇది పాత చుట్టమే. మీరు బస్సులో వెళ్తూ మాట్లాడుతుంటే ఒక టవర్ మీ కాల్‌ను ఇంకో టవర్‌కు అప్పగిస్తుందే, అదీ హ్యాండోవరే.

మరి నేనేమనాలి? ‘ఐ సబ్మిటెడ్ ద రిపోర్ట్’ అంటే సరిపోయేది. లేదా ‘హ్యాండెడ్ ఇన్’. అసైన్‌మెంటయినా, రాజీనామా లేఖయినా పైవాళ్లకు సమర్పిస్తే ‘హ్యాండ్ ఇన్’. నలుగురికీ పంచితే ‘హ్యాండ్ అవుట్’.

ఇంకో చోట కూడా చాలామంది తడబడతారు. ‘హ్యాండ్ ఓవర్ ద కీస్’, ‘హ్యాండ్ ద కీస్ ఓవర్’ రెండూ కరెక్టే. కానీ ఇట్, దెమ్ లాంటి సర్వనామం వస్తే అది మధ్యలోనే ఉండాలి. ‘హ్యాండ్ ఇట్ ఓవర్’ అనాలి, ‘హ్యాండ్ ఓవర్ ఇట్’ అనకూడదు. మెయిల్ రాసేటప్పుడు క్రియ అయితే రెండు మాటలుగా విడదీయండి. ‘హ్యాండోవర్ డాక్యుమెంట్’ లాంటి చోట్ల కలిపి ఒకే మాటగా రాయండి.

ఉద్యోగంలో చేరాక ఈ మాట రోజూ వినిపిస్తుంది. షిఫ్టు మారితే హ్యాండోవర్, ప్రాజెక్టు మారితే హ్యాండోవర్. అసలు అవసరం మాత్రం కంపెనీ మారేటప్పుడు. నా ఫ్రెండ్ ఒకడు రిజైన్ చేసి, ల్యాప్‌టాప్ ఎవరి చేతికో ఇచ్చేసి వచ్చేశాడు. అది అందినట్టు ఎక్కడా రాతపూర్వకంగా లేదు. రిలీవింగ్ లెటర్ కోసం నెలన్నర తిరిగాడు. అందుకే ఆఖరి రోజు ‘ఐ హావ్ హ్యాండెడ్ ఓవర్ మై ల్యాప్‌టాప్ అండ్ ఐడీ కార్డ్ టు ద ఐటీ టీమ్ టుడే’ అని మేనేజర్‌కు, హెచ్ఆర్‌కు ఒక మెయిల్ పెట్టండి. కాపీ మీ పర్సనల్ ఐడీకి కూడా వచ్చేలా చూసుకోండి. ఆఫీస్ మెయిల్ ఆ సాయంత్రానికే ఆగిపోవచ్చు.